విమానాలు, మైకు, సేవ: ఉద్యోగం మానేయనా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 27, ఊరు పుత్తూరు దగ్గర. తిరుపతిలో ఒక ఎఫ్ఎం స్టేషన్‌లో మూడేళ్ళుగా ఆర్జే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి, దుబాయ్, సింగపూర్ తెలుగువాళ్ళ నుంచి యాంకరింగ్‌కు పిలుపులు వస్తున్నాయి. బయటి రేడియోలు అతిథిగా రమ్మంటున్నాయి. ఒక సేవా సంస్థ తమకు ప్రచారకర్తగా ఉండమంటోంది. "అక్కా, ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకోనా? గొంతు తట్టుకుంటుందా? సేవ కార్యక్రమానికి డబ్బు తీసుకుంటే తప్పా?"

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎవరు చెప్తున్నారో తెలియాలి కదా. చంద్రగిరి పక్క పల్లెలో పెరిగాను. మా ఇంట్లో తెల్లారేది కడప ఆకాశవాణితోనే, 900 కిలోహెర్ట్జ్ మీద. ఆ పిచ్చితోనే డిగ్రీ అయ్యాక ఆడిషన్‌కు పోయి క్యాజువల్ అనౌన్సర్ అయ్యాను. క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. ఆరు డ్యూటీలతో ఇల్లు గడవదు. అందుకే ప్రకటనలకు గొంతివ్వడం, సభలకు వ్యాఖ్యానం, తర్వాత బయటి ఊళ్ళు, బయటి దేశాలు. అట్లా పాతికేళ్ళు దాటింది. నీకు ఇప్పుడు వచ్చిన సందేహాలన్నీ నాకూ వచ్చాయి. కొన్నిటికి జవాబు చాలా ఖరీదు పెట్టి తెలుసుకున్నాను.

మొదట విమానాల సంగతి. ఎందుకంటే నువ్వు ఎక్కువ మురిసిపోతున్నది దాని గురించేనని ప్రశ్న చదివితే తెలుస్తోంది. మురిసిపో, తప్పులేదు. మొదటిసారి రేణిగుంటలో విమానం ఎక్కినప్పుడు కిటికీలోంచి శేషాచలం కొండలు చూసి నేనూ చిన్నపిల్లనైపోయాను. పదోసారికి ఆ కిటికీ సీటు వద్దనిపిస్తుంది, మధ్యలో లేవాలంటే ఇద్దరిని లేపాలి కాబట్టి.

హైదరాబాద్‌కు రేణిగుంట నుంచి గంటా పది నిమిషాలు. అది బాగానే ఉంటుంది. విదేశీ ప్రయాణం కథ వేరు. నా విదేశీ ప్రయాణాలన్నీ చెన్నై నుంచో బెంగళూరు నుంచో జరిగాయి. చెన్నై విమానాశ్రయం మనకు రోడ్డు మీద మూడు, మూడున్నర గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి విమానమైతే, మూడు గంటల ముందు అక్కడుండాలి, అంటే ముందురోజు రాత్రి తొమ్మిదికే తిరుపతిలో కారెక్కాలి. దుబాయ్‌కు విమానంలో ఉండేది నాలుగు గంటలు, ఇంట్లోంచి హోటల్‌కు చేరేసరికి పద్నాలుగు గంటలు. నిర్వాహకులు లెక్కేసేది మొదటిది, నీ ఒళ్ళు లెక్కేసేది రెండోది. "శనివారం సాయంత్రం కార్యక్రమం, శనివారం పొద్దున దిగుతారు" అని టికెట్ పంపిస్తే ఒప్పుకోవద్దు. ముందురోజు దింపమను. ఒక రాత్రి హోటల్ ఖర్చు దగ్గర బేరమాడేవాళ్ళు మిగతా అన్ని విషయాల్లోనూ బేరమాడతారు, ఇది నా అనుభవం.

గొంతు ఎందుకు పోతుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. విమానం లోపలి గాలిలో తేమ 10 నుంచి 20 శాతమే. మన తిరుపతి మే నెల ఎండలో కూడా అంత పొడిగాలి అరుదు. ఆ గాలి నాలుగు గంటలు పీలిస్తే స్వరతంతువుల మీది పలుచటి తడిపొర ఎండిపోతుంది. అప్పుడు మాట్లాడితే తంతువులు ఒరుసుకుంటాయి. దానికి తోడు ఇంజిన్ హోరు. పక్కసీటాయన "మీరు రేడియోలో మాట్లాడతారు కదా" అని మొదలుపెడతాడు, మనం మర్యాదకు మాట్లాడతాం, ఆ హోరు మీదుగా వినిపించాలని తెలియకుండానే గొంతు పెంచుతాం. దిగేసరికి బొంగురు. అందుకే విమానంలో నేను మౌనవ్రతం. చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాను. పొగరనుకుంటే అనుకోనీ.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు చాలామంది. గుసగుస కూడా గొంతును బిగబట్టేదే. మాట్లాడితే మామూలుగా మాట్లాడు, లేదంటే ఊరికే ఉండు.

నీళ్ళ గురించి ఒక భ్రమ ఉంది. స్టేజీ ఎక్కే ముందు గడగడా ఒక సీసా తాగితే గొంతు తడుస్తుందనుకుంటాం. తాగిన నీళ్ళు స్వరతంతువులను తాకనే తాకవు. తాకితే పొలమారుతుంది. అవి ఒంట్లో ఇంకి, రక్తంలో కలిసి అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. కాబట్టి ముందురోజు నుంచే కొంచెం కొంచెం తాగుతూ ఉండాలి. వెంటనే పనిచేసేది ఆవిరి. హోటల్ గదిలో వేడినీళ్ళ కెటిల్ ఉంటుంది, దాని మీద తువ్వాలు కప్పుకుని పది నిమిషాలు. మందులేవీ కలపొద్దు, ఉత్త నీళ్ళే. గొంతు చల్లగా చేసే పిప్పరమెంటు బిళ్ళలు చప్పరిస్తే హాయిగా అనిపిస్తుంది గానీ, నొప్పి తెలియకుండా చేసి మరింత అరిపిస్తాయి. ఇక రాత్రి తొమ్మిది తర్వాత కారం. సంగటీ ఊరుబిండీ లేకపోతే మనకు ముద్ద దిగదు, నిజమే. కానీ రాత్రి పొద్దుపోయి తిని పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నుతుంది, పొద్దున గరగర. కార్యక్రమం ముందురోజు రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకో.

జలుబు చేసినప్పుడు విమానం ఎక్కడం ఇంకో ప్రమాదం. విమానం దిగేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరుగుతూ వస్తుంది. చెవికీ ముక్కు వెనక భాగానికీ మధ్య ఉన్న సన్నటి గొట్టం తెరుచుకుని దాన్ని సరిచేయాలి. జలుబుతో అది వాచి మూసుకుపోతే చెవి కర్ణభేరి మీద భారం పడుతుంది. నాకొకసారి అట్లాగే అయింది. హైదరాబాద్‌లో దిగాను, ఎడమ చెవి మూసుకుపోయింది, నా గొంతు నాకే బావిలోంచి వినిపిస్తోంది. ఆ సాయంత్రం చూపులేని పిల్లల బడి కోసం నిధుల సేకరణ సభ. ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో తెలియక అరిచాను. గంటన్నరకు గొంతు పూర్తిగా పోయింది. మిగతా సభను ఆ బడిలో తొమ్మిదో తరగతి చదివే పాప నడిపింది. పేర్లన్నీ విని గుర్తుపెట్టుకుంది, చేతిలో కాగితం లేదు. నాకంటే బాగా నడిపింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత పన్నెండు రోజులు ఒక్క డ్యూటీ చేయలేకపోయాను. దిగేటప్పుడు నిద్రపోకుండా మెలకువగా ఉండి, చూయింగ్ గమ్ నములుతూ, గుటకలు మింగుతూ ఉంటే చాలావరకు ఆ ఇబ్బంది రాదు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటే చెవి డాక్టరును అడగకుండా ఎక్కొద్దు.

సామాను గురించి పెద్దగా చెప్పను. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ దాటకూడదు. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది 74 దగ్గర వస్తుంది, భయం లేదు. రికార్డరు, మైకు, హెడ్‌ఫోన్ కూడా చేతిసంచిలోనే. ఒక జత బట్టలు కూడా. చెక్ ఇన్ చేసిన పెట్టె నీతోపాటే దిగుతుందన్న నమ్మకం పెట్టుకోకు. నేను ఒక సభలో ప్రయాణపు చుడీదార్ మీదే, ఎవరిదో పట్టు శాలువా కప్పుకుని మూడు గంటలు నిలబడ్డాను.

ఇక రేడియోలో అతిథిగా పోవడం. నువ్వు ఇన్నాళ్ళూ మైకుకు ఇవతల కూర్చున్నావు. ప్రశ్న అడిగేవాడికి గడియారం కనిపిస్తూ ఉంటుంది, శబ్దం పెంచే తగ్గించే మీట, అదే ఫేడర్, చేతిలో ఉంటుంది. అతిథికి అవేమీ ఉండవు. మనలాంటివాళ్ళు అతిథులుగా పోయి చేసే మొదటి తప్పు, హోస్ట్ పని కూడా మనమే చేయడం. మధ్యలో నిశ్శబ్దం వస్తే భరించలేం కదా, డెడ్ ఎయిర్ అని గుండె దడదడ. ఆ ఖాళీ మనది కాదు, వాళ్ళు చూసుకుంటారు. ప్రశ్నకు జవాబు చెప్పి ఆపెయ్. ఒక్క సంఘటన చెప్తే జనం గుర్తుపెట్టుకుంటారు, పది అభిప్రాయాలు చెప్తే ఒక్కటీ గుర్తుండదు.

మెల్విల్ డి మెలో పేరు విన్నావా? 1948లో గాంధీగారి అంతిమయాత్రకు ఆకాశవాణిలో దాదాపు ఏడు గంటలు ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పినాయన. ఏడు గంటలు ఒకడు మాట్లాడుతూనే ఉండలేడు. జనం శబ్దాన్ని మాట్లాడనివ్వాలి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవకు మాడవీధిలో వ్యాఖ్యానానికి కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు అర్థమైంది. వాహనం మలుపు తిరిగేటప్పుడు లక్షల గొంతుల గోవిందలు లేస్తాయి. మొదటి ఏడాది ఆ గోవిందల మీద నా విశేషణాలు గుమ్మరించాను. పక్కనున్న పెద్దాయన నా మైకు మీద చెయ్యి అడ్డంపెట్టి, "కొంచెంసేపు స్వామిని చూడమ్మా" అన్నారు. కోపం వచ్చింది. మర్నాడు టేపు విన్నాక పోయింది.

విదేశీ తెలుగు రేడియోలకు ఫోన్లో మాట్లాడేటప్పుడు గడియారం దగ్గర జాగ్రత్త. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు, ఏడాది పొడుగునా అంతే. అమెరికా అట్లా కాదు. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటే, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ మారుతుంది. ఒకసారి నవంబరులో నేను ఈ మార్పు మరిచిపోయి, తెల్లవారుజామున గంట ముందే లేచి, పిలుపు రాలేదని టెన్షన్ పడి, వాళ్ళకు ఐదారు మెసేజీలు కోపంగా పెట్టాను. వాళ్ళు అప్పుడింకా దారిలో కారు నడుపుతున్నారట. ఇప్పటికీ ఆ రేడియో వాళ్ళు నన్ను పరిచయం చేసేటప్పుడు "సమయపాలనకు పెట్టింది పేరు" అని నవ్వుతారు.

ఇంట్లో రికార్డ్ చేసి పంపాల్సి వస్తే స్టూడియో కావాలని అప్పు చేయొద్దు. బట్టల బీరువా రెండు తలుపులూ తెరిచి, వేలాడే చీరల ముందు కూర్చుని చదువు. ప్రతిధ్వని చీరలు మింగేస్తాయి. ఫ్యానాపు, ఫ్రిజ్ ఆపు. మళ్ళీ ఫ్రిజ్ వేయడం మరిచిపోకు, నాకు రెండుసార్లు పాలు విరిగాయి. ఫైలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపు.

యాస గురించి నువ్వు అడగలేదు, కానీ ప్రశ్నలోనే "మన చిత్తూరు యాస హైదరాబాద్‌లో నవ్వులపాలవుతుందేమో" అని ఒక ముక్క వదిలావు. ఉండావు, పోతాండాను అనేది దాచుకోవాల్సిన జబ్బు కాదు. వార్త చదివేటప్పుడు అందరి తెలుగు, మనిషితో మాట్లాడేటప్పుడు మన తెలుగు. రెండూ వచ్చి ఉండటం నీ బలం, పైగా తమిళం కూడా సగం వచ్చేసి ఉంటుంది మనకు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు అన్నిటికంటే తేలిగ్గా తీసుకుంటున్నది మూడో పిలుపు, ఆ సేవా సంస్థది. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దానికే.

రేడియోకూ సేవకూ మన భాషలో పాత చుట్టరికం ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను రేడియో అన్నయ్య, అక్కయ్య అని రాష్ట్రమంతా పిలిచింది. వాళ్ళు 1940లోనే ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, జీవితమంతా పిల్లల కోసం పనిచేశారు. మైకు ముందు చెప్పింది వాళ్ళే బయట చేశారు కాబట్టి జనం నమ్మారు. ఇప్పుడు మనల్ని పిలిచే సంస్థలకు మన పని అక్కర్లేదు, ఆ నమ్మకం అద్దెకు కావాలి. పొద్దున్నే టీ తాగుతూ నీ గొంతు వినే ఆమెకు నువ్వు ఇంట్లో మనిషివి. నువ్వు "ఇవ్వండి" అంటే ఇస్తుంది. అది చిల్లర డబ్బు అయినా సరే, తిరిగి లెక్క చెప్పాల్సింది నువ్వే. ఆమెకు ఆ సంస్థ పేరు కూడా గుర్తుండదు.

నాకిది ఎట్లా తెలిసిందంటే, చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థ, పేరు వద్దులే, గుండె జబ్బున్న పిల్లల ఆపరేషన్లకని నాతో ఆరునెలలు విజ్ఞప్తులు చెప్పించింది. డబ్బులు బాగానే వచ్చాయి. ఏడాది చివర "ఎంతమందికి చేయించారు" అని అడిగితే ఫొటోలు చూపించారు. లెక్క అడిగితే భోజనం పెట్టారు. మళ్ళీ అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ తర్వాత ఒకాయన పాకాల నుంచి పోస్టుకార్డు రాశాడు: "అమ్మా, మీరు చెప్పారని మా పెన్షన్లో వంద రూపాయలు పంపాము, ఆ పాప బాగుందా?" జవాబు రాయడానికి నా దగ్గర ఏ పాపా లేదు. ఆ కార్డు ఇంకా నా డైరీలో ఉంది.

అప్పటినుంచి గొంతివ్వడానికి ముందు కొన్ని కాగితాలు చూస్తాను. సంస్థ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జి అని పిలుచుకునే ఆదాయపు పన్ను గుర్తింపులు ఉన్నాయా, గత మూడేళ్ళ ఆడిట్ నివేదికలు ఇస్తారా. 80జి కింద పన్ను మినహాయింపు కావాలంటే నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి చెల్లదు, సంస్థ దాతకు విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ సంగతి నీకు తెలిస్తే శ్రోతకు సరిగ్గా చెప్పగలవు. డబ్బు సంస్థ బ్యాంకు ఖాతాకే పోవాలి. కార్యదర్శి సొంత ఫోన్ నంబరుకు కాదు, నీ నంబరుకు అసలే కాదు. "అన్నా, మీ నంబరు చెప్పండి, మీరైతే నమ్ముతారు" అంటారు. అక్కడే లేచి రావాలి.

విదేశాల్లో నిలబడి విజ్ఞప్తి చేస్తే చిక్కులు ఇంకా ఎక్కువ. విదేశీ పౌరుల నుంచి విరాళం తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి. ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, 2020 సవరణ తర్వాత అదే నియమం. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, వస్తుంది. మాట అదే, మనిషి అదే, పాస్‌పోర్టు రంగు మారితే చట్టం మారుతుంది. సభలో కూర్చున్న ఐదువందల మందిలో ఎవరు ఎవరో నీకేం తెలుసు? దుబాయ్‌లో అయితే అనుమతి లేకుండా చందాలు అడగడమే నేరం. స్టేజీ మీద అడిగినా, సోషల్ మీడియాలో అడిగినా అంతే. "చివర్లో ఒక్క రెండు నిమిషాలు మన ఊరి ఆశ్రమం గురించి చెప్పు బాబూ" అని ఎవరైనా చెవిలో చెప్తే, నవ్వి ఊరుకో. ఆ రెండు నిమిషాలకు ఇరుక్కునేది నువ్వు.

డబ్బు అడగడం కంటే నీ గొంతు ఎక్కువ ఉపయోగపడే చోటు ఇంకొకటి ఉంది. నాకిది ఆలస్యంగా తట్టింది. మన దగ్గర చాలామంది చందాల కోసం వచ్చేది ఏ తలుపు తట్టాలో తెలియక. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, ఎముకలకు బర్డ్ ఉంది, రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, 2021 నుంచి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి కూడా వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది, టీటీడీ ప్రాణదాన ట్రస్టు ఉంది. పీలేరు అవతలి పల్లెలో ఉన్న తండ్రికి ఇవేవీ తెలియవు. తెలిసినా కార్డు ఏది తేవాలి, ఏ కౌంటర్లో అడగాలి అన్నది తెలియదు. వారానికి ఒక పది నిమిషాలు, ఆసుపత్రిలో కనుక్కుని, కచ్చితంగా ఫలానా కాగితం తీసుకుని ఫలానా చోటికి పొమ్మని చెప్పు. పైసా అడగనక్కర్లేదు. నేను చేసిన కార్యక్రమాలన్నిటిలో శ్రోతల పోస్టుకార్డులు ఎక్కువ వచ్చింది దానికే.

రక్తం కోసం విజ్ఞప్తులు రోజూ వస్తాయి నీకు. అందులో నా పద్ధతి ఇది. రోగి బంధువుల సొంత నంబరు ఎప్పుడూ గాలిలో చెప్పను, రక్తనిధిది చెప్తాను. రోగి పేరూ జబ్బూ చెప్పను. "అత్యవసరం" అనకుండా "ఈరోజు, మంగళవారం, సాయంత్రం ఐదు లోపల" అంటాను. తేదీ లేని విజ్ఞప్తి వాట్సాప్‌లో పడి ఏళ్ళ తరబడి తిరుగుతుంది, చనిపోయిన బిడ్డ తండ్రికి రెండేళ్ళ తర్వాత కూడా ఫోన్లు వస్తాయి. ఇది జరిగింది. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు అడిగితే, అవి ఐదు రోజులకు మించి నిల్వ ఉండవని చెప్పు. ఒకేరోజు వందమంది పోతే సగం వృథా. రక్తమైతే మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. అందుకే ఈసారి పోనివాళ్ళను వచ్చేసారికి దాచుకోవాలి.

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? అప్పటికి నువ్వు ఉద్యోగంలో లేవేమో. తిరుపతి ఊరంతా నీళ్ళు, కొండ దారులు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది. నేను హైదరాబాద్‌లో ఒక కార్యక్రమానికి పోయి ఇరుక్కున్నాను, రేణిగుంటకు విమానం లేదు. అంతలో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగిందని ఫోన్లు. తెగలేదు, కట్టకు గండి పడేలా ఉందని కింది ఊళ్ళను ఖాళీ చేయిస్తున్నారు. "తెగేలా ఉంది" అనే మాట రెండు ఫోన్లు మారేసరికి "తెగింది" అయింది. నాకు తెలిసిన ఒక కుర్రాడు దాన్ని తన పేజీలో లైవ్ పెట్టి చెప్పేశాడు. తిరుచానూరు వైపు ముసలివాళ్ళను రాత్రిపూట వానలో మేడలెక్కించారు. అధికారులు చెప్పిన మాట, ఎన్నింటికి చెప్పారో ఆ సమయంతో సహా, అంతే చెప్పాలి. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే మార్చకుండా వేయొచ్చు. కానీ రోడ్లు, వాతావరణం, ప్రజలకు హెచ్చరికలు చెప్పొచ్చు. ఆ హద్దు నీకు బాగా తెలిసి ఉండాలి.

ఆ వరదప్పుడే సాయం పేరుతో పాత బట్టలు లారీల్లో వచ్చాయి. తడిసిన ఇళ్ళలో వాటిని పెట్టుకోవడానికి చోటెక్కడ? అవసరమైంది చాపలు, దుప్పట్లు, బకెట్లు, పిల్లల పుస్తకాలు, ఆడవాళ్ళకు శానిటరీ ప్యాడ్లు. ఇవి కావాలని వాళ్ళనే అడిగి తెలుసుకుని, అవే అడిగి, చాలిన రోజు "చాలు, ఇక పంపొద్దు" అని కూడా మైకులో చెప్పాలి. ఆ చివరి ముక్క చెప్పేవాళ్ళు తక్కువ.

సేవ కార్యక్రమానికి డబ్బు తీసుకోవచ్చా అన్నావు. ప్రయాణం, బస, భోజనం తీసుకో, సిగ్గుపడొద్దు. చేతి డబ్బు పెట్టుకుని పోయేవాడు ఏడాదిలో అలిసిపోయి సేవనే తిట్టుకుంటాడు. పారితోషికం మాత్రం నేను తీసుకోను. అది నా నియమం, అందరూ అట్లా ఉండాలని అనను. తీసుకునేటట్టయితే ముందే కాగితం మీద రాయించు, అడిగినవాళ్ళకు చెప్పు. నచ్చనిది ఒక్కటే: ఉచితంగా చేస్తున్నానని స్టేజీ మీద చెప్పించుకుని, వెనక కవరు తీసుకోవడం.

ఇక ఉద్యోగం మానేయడం. ఇప్పుడే వద్దు. పిలుపులు సీజన్‌ను బట్టి వస్తాయి. ఉగాది, దసరా, సంక్రాంతి, అమెరికాలో జూలై మొదటి వారం సభలు. మధ్యలో నాలుగు నెలలు ఫోను మోగదు. పైగా వాళ్ళు పిలుస్తున్నది నిన్ను కాదు, నీ పొద్దున షోను. షో పోతే ఆరునెలల్లో పిలుపులూ పోతాయి. ముందు నీ ఒప్పందం తీసి చదువు. బయటి రేడియోలో మాట్లాడొచ్చా, పేరు వాడుకోవచ్చా అన్నది అందులో ఉంటుంది. చాలావాటిలో ముందస్తు అనుమతి కావాలని రాసి ఉంటుంది. ఏడాదికి ఆరు ప్రయాణాలకు రాతపూర్వకంగా అనుమతి అడుగు. వచ్చే పారితోషికాల్లో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోస్తారు, అది నీ పాన్ మీద పడిందో లేదో చూసుకో, కోసి కట్టనివాళ్ళు ఉన్నారు. వరసగా రెండేళ్ళు బయటి ఆదాయం నీ జీతం దాటి, ఎనిమిది నెలల ఇంటిఖర్చు బ్యాంకులో ఉంటే అప్పుడు మళ్ళీ అడుగు. అప్పుడు నా జవాబు మారొచ్చు.

ఆ సేవా సంస్థకు ఇప్పుడే అవునని చెప్పకు. మూడేళ్ళ ఆడిట్ కాగితాలు అడుగు. ఇస్తే, వాళ్ళు పనిచేసే చోటికి చెప్పకుండా ఒకరోజు పోయి రా.

దుబాయ్‌కు మాత్రం పో. వీసా విషయం గట్టిగా అడుగు. విజిట్ వీసా మీద డబ్బు తీసుకుని కార్యక్రమం చేయడం అక్కడ కుదరదు, నిర్వాహకులు నీ పేరుతో అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం, తిరుగు టికెట్ చేతికొచ్చాకే పోస్టరుకు ఫొటో పంపు. లడ్డూలు తెమ్మని తప్పకుండా అడుగుతారు, తిరుపతి వాడివని తెలిశాక వదలరు. 175 గ్రాముల చిన్నవి పది తీసుకున్నా రెండు కిలోలు కావు. చేతిసంచిలో పెట్టుకో. పెట్టెలో వేస్తే దుబాయ్‌లో బూందీ దిగుతుంది.